ఏడుగురు ముద్దాయిలు, ఒకే క్రైమ్ నెంబరు: ఎక్సెల్లో కలిపేయాలా?

ప్రశ్న: సార్, నరసరావుపేటలో ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేస్తున్నా. ఒకే క్రైమ్ నెంబరులో (పోలీసుల ఎఫ్‌ఐఆర్ నెంబరు) ఏ1 నుంచి ఏ7 దాకా ముద్దాయిలందరూ మా క్లయింట్లే, ఎక్సెల్లో మనిషికో రో పెట్టా. ఏ4, ఏ6 వాయిదాలకి రావట్లేదని కోర్టు వాళ్ల కేసుని స్ప్లిట్ చేసి, అంటే విడదీసి, వేరే సీసీ నెంబరు (మేజిస్ట్రేట్ కోర్టు కేసు నెంబరు) ఇచ్చింది. మిగతా ఐదుగురిలో నలుగురికి కొత్త వాయిదా మార్చి ఒకరికి మర్చిపోయా, ఆయన రాలేదు, ఆ రోజు రాలేనని మినహాయింపు అడిగే ఆబ్సెంట్ పిటిషనూ పడలేదు, ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారెంట్) అయింది. ఏడుగురినీ ఒకే రోలో కలిపేయమంటారా?

జవాబు: కలపొద్దండి. ఏడు పేర్లు కామాలు పెట్టి ఒకే గడిలో కూరితే రేపు వారెంట్ ఎవరి మీదుందో, బెయిల్ ఎవరికొచ్చిందో ఫిల్టర్ చేయడానికే కుదరదు. మీ దగ్గర అసలు తప్పు ఏంటంటే వాయిదా తేదీ ఐదు చోట్ల ఉండటం, అది ఒక్కచోటే ఉండాలి.

అందుకే మూడు షీట్లు పెట్టుకోండి. మొదటిది కేసులు, కేసుకి ఒక్కటే రో, సీఎన్ఆర్ నెంబరు (ఈ-కోర్ట్స్‌లో ప్రతి కేసుకీ ఇచ్చే ప్రత్యేక నెంబరు), కోర్టు, సీసీ నెంబరు, క్రైమ్ నెంబరు, తర్వాతి వాయిదా అన్నీ ఇందులోనే. సీసీ నెంబరు నమ్ముకోవద్దు, అదే నెంబరు పక్క కోర్టులో కూడా ఉంటుంది. సీఎన్ఆర్ అలా కాదు, 16 అక్షరాలు, మొదటి రెండు రాష్ట్రం, తర్వాత రెండు జిల్లా, ఇంకో రెండు కోర్టు, ఆరంకెల నెంబరు, చివర సంవత్సరం. ఇంకో మాట, సీసీ 5/2023 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని మే-23 చేసేస్తుంది, మా బాబాయి ఆఫీసు షీట్లో ఇలా పోయిన నెంబర్లు వెతకడానికి నాకు ఒక పూట పట్టింది, కాబట్టి ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చి అప్పుడు టైప్ చేయండి.

రెండోది మనుషులు: పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను, ఒక్కొక్కరికి ఒక సీరియల్ నెంబరు. ఒకే ఊళ్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఉంటారు కదా, తండ్రి పేరు లేకపోతే కష్టం.

మూడోదే అసలైంది. ఏ కేసులో ఏ మనిషి, ర్యాంకు ఎంత (ఏ1, ఏ2 లాంటివి), బెయిలు, ష్యూరిటీలు, వారెంటు. వాయిదా ఇక్కడ చేత్తో కొట్టొద్దు, సీఎన్ఆర్ పట్టుకుని మొదటి షీట్ నుంచి వీలుకప్ (VLOOKUP) ఫార్ములాతో లాగండి, పాత ఎక్సెల్ అయినా పనిచేస్తుంది. అక్కడ ఒక్క తేదీ మారిస్తే ఐదుగురికీ మారిపోతుంది.

స్ప్లిట్ అయినప్పుడు మొదటి షీట్లో కొత్త సీఎన్ఆర్‌తో కొత్త రో, పక్కన 'మూల కేసు' అని కాలమ్ పెట్టి పాత సీఎన్ఆర్. మూడో షీట్లో ఏ4, ఏ6 పాత రోలు తీసేయకండి, 'విడిపోయింది' అని రాసి కొత్త నెంబరుతో ఇంకో రో వేయండి, వాళ్ల ష్యూరిటీ కాగితాలు పాత కట్టలోనే ఉంటాయి కాబట్టి. పీఆర్సీ (సెషన్స్ కోర్టుకి పంపాల్సిన కేసుకి మేజిస్ట్రేట్ కోర్టులో ఇచ్చే నెంబరు) కమిట్ అయి ఎస్సీ (సెషన్స్ కేసు) నెంబరు వచ్చినా ఇదే పద్ధతి.

కేసు, కౌంటర్ కేసు (ఒకే గొడవలో రెండు పక్షాలూ ఒకరి మీద ఒకరు పెట్టుకున్నవి) మాత్రం మూల కేసు కింద పెట్టకండి. ఒకే గొడవే అయినా, ఒకే జడ్జి గారు ఒకదాని తర్వాత ఒకటి విన్నా, సాక్ష్యం వేరు, తీర్పు వేరు. దానికి 'సంబంధిత కేసు' అని ఇంకో కాలమ్. సివిల్ దావాలు క్లబ్ చేసి ఒకదాంట్లోనే సాక్ష్యం తీసుకుంటుంటే ఆ దావాని 'లీడ్' అని గుర్తు పెట్టండి, మిగతా నెంబర్లు మాత్రం బతికే ఉంటాయి, తీసేయొద్దు.

ఆబ్సెంట్ పిటిషన్‌ని పాత సీఆర్పీసీ సెక్షన్ ప్రకారం 317 పిటిషన్ అని అలవాటుగా అంటాం గానీ 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో అది 355, మీ టెంప్లేట్లలో సెక్షన్ మార్చారో లేదో చూసుకోండి. వారెంట్ కాలమ్‌కి కండిషనల్ ఫార్మాటింగ్‌తో ఎర్ర రంగు ఇచ్చి, రీకాల్ ఆర్డర్ (వారెంట్ వెనక్కి తీసుకున్న ఉత్తర్వు) తేదీ ఎక్కించాకే ఆ రంగు పోయేలా పెట్టండి. రేపు పొద్దున ఫైల్ తెరవగానే ఆ ఐదోవాళ్ల పేరే ముందు కనపడాలి.