ఆక్రమించిన ఫైళ్లా? మెమరీ తింటున్న ఫైళ్లా?

సందేహం: సి డ్రైవ్ నిండిపోయినప్పుడు దేనివల్ల నిండిందో కనిపెట్టడం ఎలాగో మా ఆఫీసు సిబ్బందికోసం తెలుగులో రాస్తున్నాను. 'ఎక్కువ స్థలాన్ని ఆక్రమించిన ఫైళ్లను గుర్తించండి' అని రాస్తే, ఆక్రమించడమంటే దౌర్జన్యంగా లాక్కోవడం కదా, 'మెమరీ తింటున్న ఫైళ్లు' అని మార్చు అంటున్నాడు మిత్రుడు. ఏది సరైనది?

సమాధానం: ముందు ఆ 'మెమరీ' కొట్టేయండి. మెమరీ అంటే ర్యామ్, కంప్యూటర్ ఆపేస్తే అందులోది పోతుంది. మీరు చెబుతున్నది డిస్కు సంగతి. ఫోన్ నిండితే మెమరీ ఫుల్, డిస్కు నిండితే మెమరీ ఫుల్ అంటూ ర్యామ్‌నూ డిస్కునూ కలిపేశాం. మాట్లాడేటప్పుడు పోనీ అనుకోవచ్చు గాని, పని నేర్పే రాతలో అది చదివేవాణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

ఇక ఆక్రమించడం. చెరువుల ఆక్రమణ, ఫుట్‌పాత్ ఆక్రమణల తొలగింపు అని రోజూ పేపర్లో చదివీ చదివీ ఆ మాటకు మనమే నేరం అంటగట్టాం. దాని మూలంలో ఉన్నది అడుగు. సంస్కృతంలో 'క్రమ్' ధాతువుకు అడుగు వేయడం అని అర్థం. అడుగు తర్వాత అడుగు పడితే క్రమం, గీత దాటి పడితే అతిక్రమం, బయటికి పడితే నిష్క్రమణం, సూర్యుడు ఒక రాశినుంచి మరో రాశిలోకి అడుగుపెడితే సంక్రమణం. మూడడుగులు వేసినవాడు త్రివిక్రముడు.

త్రివిక్రముడనగానే పోతన దగ్గరికి వెళ్లకుండా ఉండలేను. 'ఇంతింతై వటుడింతయై' అందరికీ వచ్చు, కానీ మీ సందేహానికి పనికొచ్చేది దాని తర్వాత వచ్చే 'రవిబింబం బుపమింప' పద్యం. వామనుడు పెరుగుతున్నాడు, ఎంత పెరిగాడో చెప్పాలి. పోతన కొలతలు చెప్పడు. సూర్యబింబాన్ని ఉన్నచోటే ఉంచి, ఆ పెరిగే దేహం పక్కన అది ఎలా కనిపిస్తోందో చూపిస్తాడు: మొదట గొడుగు, తర్వాత శిరోరత్నం, చెవికి నగ, మెడలో ఆభరణం, భుజానికి కేయూరం, చేతికి కంకణం, నడుముకు గంట, కాలికి అందె, చివరికి పాదపీఠం. సూర్యుడు కదల్లేదు, తలమీదివాడు కాళ్లకిందికి వచ్చేశాడు! పెరుగుదలను ఇంత స్పష్టంగా కళ్లకు కట్టించిన పద్యం నాకు మరొకటి కనబడదు. ముగింపు చూడండి, 'వటుఁడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్'. ఇక్కడ నిండుతున్నది పాత్ర కాదు, పాత్రలోకి వచ్చినవాడు. 'కుండ నిండింది' అన్న వాడుక ఒక్కటే సరైనదని, 'ఫైళ్లు డిస్కు నిండాయి' తప్పని ఎవరైనా దిద్దితే ఈ పాదం చూపించండి. 'ఇల్లంతా పొగ నిండింది' అని మనమూ అంటూనే ఉన్నాం కదా.

మీ కాగితంలో ఫైళ్లను దీర్ఘచతురస్రాల గడులుగా చూపే బొమ్మ (ట్రీమ్యాప్) ఏదైనా వేస్తున్నారేమో తెలియదు గాని, వేస్తే మంచిది. 1990 ప్రాంతంలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 14 మంది పంచుకునే 80 మెగాబైట్ల డిస్కు నిండిపోతుంటే, ఎవరిది ఎంతో ఒక్క చూపులో తెలియడానికి బెన్ ష్నైడర్‌మన్ అనే ఆచార్యుడు ఆ పద్ధతి కనిపెట్టాడు. ఎంత పెద్ద ఫైలుకు అంత పెద్ద గడి. పోతనకు సూర్యుడు చేసిన పని ఇక్కడ డిస్కు మొత్తం చేస్తుంది, ఒకదాని పక్కన పెడితేనే మరొకదాని పెద్దరికం తెలిసేది.

'ఆక్రమించు' మీ విషయానికి సరిగ్గా సరిపోయే సందర్భం కూడా ఒకటుంది. విండోస్‌లో ఫైలుమీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి, సైజు ఒకటి, సైజ్ ఆన్ డిస్క్ ఒకటి, రెండు అంకెలుంటాయి. డిస్కులో చోటును సాధారణంగా 4 కిలోబైట్ల ముక్కలుగా పంచుతారు. 5 కిలోబైట్ల ఫైలుకు రెండు ముక్కలు కావాలి, అంటే 8 కిలోబైట్లు పోతాయి, మిగిలిన 3 ఖాళీగా ఉన్నా మామూలుగా మరో ఫైలుకు దక్కవు. అడుగు పడ్డ మేరంతా తనదే. మొదటి అంకెకు 'పరిమాణం', రెండోదానికి 'ఆక్రమించిన చోటు' అనండి, తేడా నిలుస్తుంది.

'తినడం' గురించి: బండి ఆయిల్ తింటుంది, ఏసీ కరెంటు తింటుంది, అవి తిరిగి రావు. ఫైలు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తే చోటు తిరిగొస్తుంది. అందువల్ల నాకు రుచించదు, అయినా నోటిమాటగా తప్పనను. స్థలం అంటే మనవాళ్లకు ముందు ఇళ్ల స్థలమే గుర్తొస్తుంది, 'చోటు' నయం. జాగా కూడా మంచిమాటే. కబ్జాకు అరబ్బీలో పట్టు, గుప్పిలి అని అర్థం, మీకు అక్కర్లేదు.

'నిల్వ పూర్తయింది' అని మాత్రం ఎక్కడా రాయకండి. రేషన్ దుకాణంలో నిల్వ అయిపోయిందంటే బియ్యం లేవని. డిస్కుకు అదే మాట వాడి కిక్కిరిసిందని చెప్పబోతే అర్థం తలకిందులవుతుంది. తెలుగు రాసేవాళ్లు రాసిన వాక్యాన్ని ఒకసారి పైకి చదువుకుంటే ఇలాంటివి అక్కడే దొరికిపోతాయి.

శీర్షికలో 'ఎక్కువ చోటు పట్టిన ఫైళ్లు' అని, లోపల అంకెలు వచ్చేచోట 'ఆక్రమించిన' అని ఉంచితే బాగుంటుందని నాకనిపిస్తోంది. మీ మిత్రుడికి 'పట్టిన' కూడా నచ్చకపోతే పోతనలాగా 'నిండిన' అనండి.