ఇంటర్ ఒకేషనల్‌లో ఆరోగ్య కోర్సు: మూడో ఏడాది మాటేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి ఈ సంవత్సరం పదో తరగతి పాసైంది. మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడినప్పటి నుంచి ఆమెను పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టడం, వేళకు మాత్రలు వేయడం అన్నీ తనే చూసుకుంటోంది. తిరుపతిలో ఇంటర్ ఒకేషనల్‌లో ఎం.పి.హెచ్.డబ్ల్యూ. (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ అనే ఆరోగ్య కార్యకర్త కోర్సు) చదువుతానని పట్టుబట్టింది. ఒకేషనల్‌లో చేరితే పైచదువులు ఉండవని, బై.పి.సి.లో చేర్చమని మా మరిది అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: అమ్మా, మీ మరిదిగారి భయంలో కొంత నిజం ఉంది కానీ, పైచదువులే ఉండవనడం సరికాదు. ఒకేషనల్ చదువుతూనే జీవశాస్త్ర, భౌతికశాస్త్ర సబ్జెక్టులలో బ్రిడ్జి కోర్సు (ఒకేషనల్ పిల్లలు సైన్సు పైచదువులకు వెళ్లేందుకు అదనంగా చదివేది) పరీక్షలు కూడా రాసి పాసైతే, నాలుగేళ్ల బి.ఎస్‌సి. నర్సింగ్ వంటి వాటికి దరఖాస్తు చేసుకోవచ్చు. మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా అయిన జి.ఎన్.ఎం.కు సైన్సు గ్రూపే చదివి ఉండాలన్న నియమం లేదు; అయితే ఇంగ్లీషులోనూ మొత్తం మీదా 40 శాతం మార్కులు తప్పనిసరి. బ్రిడ్జి కోర్సు సంగతి రెండో ఏడాది చివర చూసుకుందాంలే అనుకుని చేజార్చుకునే పిల్లలే ఎక్కువ కనుక, చేరిన రోజునే ఆ కాలేజీలో దానికి తరగతులు చెబుతారో లేదో, రుసుము ఎప్పుడు కట్టాలో అడిగి రాసుకోండి.

అంతకంటె ముఖ్యమైన విషయం మూడో ఏడాది. ఎం.పి.హెచ్.డబ్ల్యూ. చదివేది ఏ.ఎన్.ఎం. (ఊళ్లలో టీకాలు వేసే, గర్భిణులను చూసుకునే ఆరోగ్య కార్యకర్త) కావడానికే అయినా, రెండేళ్ల కోర్సు పాసైనంత మాత్రాన ఎవరూ ఏ.ఎన్.ఎం. అయిపోరు. నిర్దేశించిన ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది పాటు క్లినికల్ శిక్షణ పొంది, ఆ తరువాత రాష్ట్ర నర్సుల, మిడ్‌వైఫుల కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నవారికే ప్రభుత్వ ఉద్యోగానికి అర్హత ఉంటుంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు ఏ.ఎన్.ఎం.లను తీసుకున్నప్పుడు కూడా ఇంటర్ ఒకేషనల్ అభ్యర్థులకు ఈ షరతే పెట్టారు. ‘ఉద్యోగం గ్యారంటీ’ అని గోడల మీద రాయించే కాలేజీలు ఈ మాట మాత్రం రాయించవు. తిరుపతిలో రుయా, ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్ ఉన్నాయి, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. కానీ ఊళ్లో ఆసుపత్రి ఉండటం వేరు, మీ అమ్మాయికి అందులో శిక్షణ దొరకడం వేరు. కిందటి సంవత్సరం పాసైన పిల్లలు ఎక్కడ శిక్షణ పొందుతున్నారో చెప్పమని ప్రిన్సిపాల్‌గారినే అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుగా వస్తే ఇంకో కాలేజీ చూసుకోవడం మేలు.

ఇక మీ అమ్మాయి సంగతి. నాయనమ్మకు ప్రేమతో సేవ చేయడం గొప్ప విషయమే అయినా, ఏ.ఎన్.ఎం. పనిలో సేవ ఎంత ఉంటుందో రిజిస్టర్లు, లెక్కలు, పట్టింపు కూడా అంతే ఉంటాయి. టీకా సీసా మీద చిన్న వలయం, దాని మధ్యలో లేత రంగు చదరం ఒకటి ఉంటాయి. వేడి తగిలిన కొద్దీ ఆ చదరం ముదురుతూ వచ్చి, వలయం రంగుతో సమానమైతే ఆ సీసా ఇక పనికిరాదు. ఎండలో టీకాల పెట్టె మోసుకుని వచ్చి, పది మంది తల్లులు చంటిబిడ్డలతో తొందరపెడుతున్నా, ఆ చదరాన్ని చూడనిదే సిరంజి అందుకోకూడదు. మీ ఊరి ఏ.ఎన్.ఎం.గారి అనుమతి తీసుకుని ఒక టీకాల రోజున మీ అమ్మాయిని పూట మొత్తం అక్కడ కూర్చోబెట్టండి. సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా అదే కోర్సు కావాలంటే నిస్సంకోచంగా చేర్చండి. ఆమె తడబడితే మాత్రం బై.పి.సి.యే నయం.

ప్రశ్న: ఎం.పి.హెచ్.డబ్ల్యూ.లో అబ్బాయిలను చేర్చుకుంటారా?
– ఒక విద్యార్థి, పలమనేరు

జవాబు: చేర్చుకోరు. ఇంటర్ ఒకేషనల్‌లో ఆ కోర్సు అమ్మాయిలకే. నీవు మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చూడవచ్చు. ప్రభుత్వ ల్యాబ్ ఉద్యోగాలకు దానికీ ఏడాది అప్రెంటిస్ శిక్షణ, పారామెడికల్ బోర్డులో నమోదు అడుగుతారు. పైగా 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తులకు కనీసం రెండేళ్లలో 2,000 గంటల చదువు ఉండాలని చెబుతోంది కాబట్టి, కాలేజీలో ల్యాబ్ గది తెరిపించి చూసిన తరువాతే రుసుము కట్టు. మైక్రోస్కోపుల మీద దుమ్ము పేరుకుని ఉంటే ఆ గంటలు కాగితం మీదే గడుస్తున్నాయన్నమాట.