పదిసార్లలో ఏడుసార్లు విఫలమయ్యేవాడు గొప్ప బ్యాటర్ ఎలా అవుతాడు?

క్రికెట్ చూస్తూ పెరిగి, కిందటేడు అమెరికా వచ్చిన ఒకరు అడిగిన ప్రశ్న ఇది. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ యావరేజ్ 0.300 ఉంటే గొప్ప బ్యాటర్ అంటారు. అంటే పదిసార్లలో ఏడుసార్లు విఫలమైనట్టే కదా, అందులో గొప్పేముంది? పైగా ఆఫీసులో ఒకాయన తమ జట్టు బ్యాటర్ యావరేజ్ 0.190కి పడిపోయిందని ఏప్రిల్‌లోనే తిట్టుకుంటుంటే, పక్కాయన ‘అతని ఓబీపీ చూసి మాట్లాడు’ అని వెనకేసుకొస్తున్నాడట. ఇంతకీ ఏ అంకెను నమ్మాలి?

ఇరవై ఏళ్ల క్రితం నాకూ సరిగ్గా ఇదే సందేహం కలిగింది. 2004లో ఉద్యోగం మీద సియాటిల్ వచ్చాను. చిన్నప్పుడు తెనాలిలో రేడియో కామెంటరీ వింటూ పాత నోటుపుస్తకం వెనక పేజీల్లో స్కోరు రాసుకున్న అలవాటు వల్ల, ఆటంటే ఎవరెన్ని పరుగులు కొట్టారన్నదే నా లెక్క. ఆ వేసవిలో ఆఫీసువారిచ్చిన టికెట్‌తో మొదటిసారి స్టేడియానికి వెళ్తే, నా పక్క సీటులో ఒక పెద్దాయన ఒళ్లో అట్ట పెట్టుకుని పెన్సిల్‌తో స్కోరు రాసుకుంటూ కనిపించాడు. ప్రతి బ్యాటర్‌కూ వరుసగా చిన్న చిన్న గళ్లు, ప్రతి గడిలో నాలుగు బేస్‌లను సూచించే ఒక డైమండ్ గుర్తు ఉన్నాయి. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య కాపు కాసే ఫీల్డర్) బంతిని ఆపి, బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన ఫస్ట్ బేస్‌కు విసిరి ఔట్ చేస్తే 6-3 అని రాశాడు; ఫీల్డింగ్ స్థానాలకు ఉన్న వరుస సంఖ్యలవి. బంతిని చూస్తూ నిలబడిపోయి మూడో స్ట్రైక్‌కు (కొట్టదగ్గ బంతిని కొట్టలేకపోతే స్ట్రైక్, మూడైతే స్ట్రైకౌట్) ఔటైనవాడికి కే అక్షరాన్ని తిరగేసి రాశాడు.

అంతలో సియాటిల్ జట్టు ఆటగాడు ఇచిరో సుజుకి వచ్చాడు. అతను ఎడమచేతి వాటం బ్యాటర్. ఆ వైపు నిలబడేవాడికి ఫస్ట్ బేస్ ఒకటి రెండు అడుగులు దగ్గర, దానికి తోడు బ్యాట్ తిప్పే ఊపులోనే అతని ఒళ్లు పరుగందుకుంటుంది. బంతి నేల మీద మెల్లగా గెంతుతూ షార్ట్‌స్టాప్ చేతికి వెళ్లింది. ఇంకెవరైనా అయితే ఖాయంగా 6-3. షార్ట్‌స్టాప్ తడబడకుండా విసిరినా, అంపైర్ రెండు చేతులూ పక్కలకు చాచాడు, అంటే ఔట్ కాలేదని. పెద్దాయన డైమండ్ కింది మూల నుంచి ఫస్ట్ బేస్ దాకా చిన్న గీత గీశాడు. ‘ఈయన ఈ ఏడాది ఎన్ని పరుగులు చేశాడు?’ అని అడిగాను. ఆయన నవ్వి, ఇక్కడ మొదట అడగాల్సింది అది కాదన్నాడు. ఎన్నిసార్లు వచ్చాడో, అందులో ఎన్నిసార్లు ఔట్ కాలేదో అడగాలన్నాడు. నాకు తెలిసిన బేస్‌బాల్ లెక్కలన్నీ ఆ మాట వెనకాలే వచ్చాయి. నేను చెప్పేది కూడా అదే: లవం చూసి మోసపోకండి, హారంలో ఏముందో చూడండి.

ముందు 0.300 సంగతి. క్రికెట్‌లో మంచి బంతిని వదిలేయవచ్చు, అడ్డుకోవచ్చు, బ్యాట్‌కు తగిలినా క్రీజ్‌లోనే ఉండిపోవచ్చు. బేస్‌బాల్‌లో బంతి బ్యాట్‌కు తగిలి గీతల మధ్య పడితే పరుగెత్తక తప్పదు, ఎదురుగా తొంభై డిగ్రీల కోణంలోనే ఎనిమిది మంది కాపు కాస్తుంటారు. మరోవైపు, ఔటైనవాడు పెవిలియన్‌లో కూర్చుండిపోడు. అదే మ్యాచ్‌లో మొత్తం నాలుగైదుసార్లు వస్తాడు. కాబట్టి వచ్చిన ప్రతిసారినీ క్రికెట్ ఇన్నింగ్స్‌తో పోల్చితే లెక్క తప్పుతుంది. టీ20లో జట్టుకు 120 బంతులు, పది వికెట్లు అని రెండు హద్దులున్నాయి. బేస్‌బాల్‌లో బంతులకు హద్దు లేదు, ఉన్నదల్లా తొమ్మిది ఇన్నింగ్స్‌లకు 27 ఔట్లు. జట్టు చేతిలో ఉన్న సొమ్ము అదొక్కటే. బ్యాటర్ దాన్ని ఎంత పొదుపుగా ఖర్చు చేస్తున్నాడన్నదే అసలు ప్రశ్న.

యావరేజ్ ఈ ప్రశ్నకు సగం జవాబే చెబుతుంది. హిట్ల (కొట్టిన బంతితో ఔట్ కాకుండా బేస్ చేరిన సందర్భాల) సంఖ్యను ‘ఎట్‌బ్యాట్’ల (బ్యాటింగ్‌కు వచ్చినట్టు లెక్కించే సందర్భాల) సంఖ్యతో భాగిస్తే యావరేజ్ వస్తుంది గానీ, ఆ ఎట్‌బ్యాట్‌లలో వాక్‌లు ఉండవు. పిచ్చర్, అంటే బౌలర్ లాంటివాడు, నాలుగు బంతులు స్ట్రైక్ జోన్ (కొట్టదగ్గ బంతికి హద్దు) బయట వేస్తే, వాటి జోలికి పోని బ్యాటర్ నడుచుకుంటూ ఫస్ట్ బేస్ చేరతాడు. అది లవంలోనూ లేదు, హారంలోనూ లేదు, అసలు జరగనట్టే. ఈ పద్ధతికి మూలపురుషుడు హెన్రీ చాడ్విక్ అనే పత్రికా రచయిత. ఇంగ్లాండులో పుట్టి, న్యూయార్క్‌లో క్రికెట్ వార్తలు రాస్తూ ఈ ఆటలోకి వచ్చినవాడు. వాక్ అనేది పిచ్చర్ తప్పే తప్ప బ్యాటర్ గొప్ప కాదని ఆయన అభిప్రాయం. క్రికెట్ కళ్లతో చూస్తే అలాగే అనిపిస్తుంది మరి, వైడ్ బంతి పరుగు బ్యాటర్ ఖాతాలో పడదు కదా. 1887లో ఒక్క ఏడాది మాత్రం వాక్‌ను కూడా హిట్‌గా లెక్కించి, యావరేజ్‌లు విపరీతంగా ఉబ్బిపోవడంతో మరుసటి ఏడే మానుకున్నారు.

ఆన్‌బేస్ పర్సంటేజీ, అంటే మీ ఆఫీసులో పక్కాయన చెప్పిన ఓబీపీ, ఈ లోటు తీరుస్తుంది. హిట్లు, వాక్‌లు, ఒంటికి బంతి తగిలి బేస్ చేరిన సందర్భాలు మూడూ లవంలోకి వస్తాయి. బంట్‌తో చేసిన శాక్రిఫైస్ (బంతిని మెల్లగా తట్టి, తాను ఔటై సహచరుణ్ణి ముందు బేస్‌కు పంపడం) వంటివి మినహా ప్లేట్ దగ్గరికి వచ్చిన సందర్భాలన్నీ హారంలోకి వస్తాయి. 1984 దాకా దీనికి అధికారిక గుర్తింపు లేదంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

నేను వచ్చిన ఆ 2004నే ఉదాహరణగా తీసుకోండి. ఇచిరో ఆ ఏడాది 704 ఎట్‌బ్యాట్‌లలో 262 హిట్లు కొట్టి, 1920 నుంచి నిలిచి ఉన్న జార్జ్ సిస్లర్ రికార్డు 257ను దాటాడు. యావరేజ్ 0.372. అదే ఏడాది నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లో అమెరికన్, నేషనల్ అని రెండు లీగ్‌లు) శాన్ ఫ్రాన్సిస్కో ఆటగాడు బ్యారీ బాండ్స్ 373 ఎట్‌బ్యాట్‌లలో 135 హిట్లు కొట్టాడు, యావరేజ్ 0.362. ఇంతవరకే చూస్తే ఇచిరో ఒక మెట్టు పైన ఉన్నాడు. ఇప్పుడు హారం మార్చండి. బాండ్స్‌కు ఆ ఏడాది 232 వాక్‌లు వచ్చాయి, అందులో 120 పిచ్చర్లు భయపడి కావాలని ఇచ్చినవి. అవన్నీ కలిపితే 617 సందర్భాలలో 376సార్లు బేస్ చేరాడు, ఓబీపీ 0.609. ఇచిరో 760 సందర్భాలలో 315సార్లు చేరాడు, 0.414. అంటే బ్యాట్‌తో ఇచిరో ఖర్చు పెట్టిన ఔట్లు 445, బాండ్స్ ఖర్చు పెట్టినవి 241. బాండ్స్ మీద డోపింగ్ ఆరోపణల నీడ ఉందన్నది నిజమే, అందుకే అతని అంకెలు చెప్పేటప్పుడు ఇక్కడివారు గొంతు తగ్గిస్తారు. కానీ లెక్క లెక్కే. సియాటిల్ అభిమానిగా నాకు ఆ పోలిక మింగుడు పడడానికి చాలాకాలం పట్టింది.

ఓబీపీకీ ఒక గుడ్డి కన్ను ఉంది: ఒక్క బేస్ తెచ్చే సింగిల్‌కూ, నాలుగు బేస్‌లూ చుట్టివచ్చే హోమ్ రన్‌కూ తేడా చూడదు. అది చూసేది స్లగ్గింగ్ పర్సంటేజీ. హిట్‌తో ఎన్ని బేస్‌లు వచ్చాయో కూడి ఎట్‌బ్యాట్‌లతో భాగిస్తారు. 2022లో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ 0.316తో లూయిస్ అరాయెస్‌కు దక్కింది. హోమ్ రన్లలోనూ ఆర్‌బీఐలలోనూ (తన బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు) లీగ్‌లో మొదటివాడైన ఆరన్ జడ్జ్ 0.311 దగ్గర ఆగిపోయి, ఆ మూడింటిలోనూ మొదటివాడికి దక్కే ట్రిపుల్ క్రౌన్ పోగొట్టుకున్నాడు. హిట్లు చూస్తే అరాయెస్‌వి 173, జడ్జ్‌వి 177, దాదాపు సమానం. ఆ హిట్లతో వచ్చిన బేస్‌లు మాత్రం అరాయెస్‌కు 230, 62 హోమ్ రన్లు కొట్టిన జడ్జ్‌కు 391. అలాగే జడ్జ్ 175సార్లు స్ట్రైకౌట్ అయితే అరాయెస్ 43సార్లే అయ్యాడు. ఒకే యావరేజ్ కింద ఇద్దరు వేర్వేరు మనుషులు దాగి ఉన్నారన్నమాట. (ఆర్‌బీఐ అనగానే నాకు మొదట రిజర్వు బ్యాంకు గుర్తొచ్చింది. ముందున్న బ్యాటర్లు బేస్‌ల మీద ఉంటేనే అవి దండిగా వస్తాయి కనుక, దాన్ని బ్యాటర్ గుణంగా కంటే అతనికి దొరికిన అవకాశంగా చూడడం మేలు.)

ఓబీపీని, స్లగ్గింగ్‌ను కలిపేసి ఓపీఎస్ అంటారు. వాడుకకు సులువే గానీ, హారాలు వేరైన రెండు భిన్నాలను కూడడం లెక్కల మాస్టారు ఒప్పుకునే పని కాదు. స్లగ్గింగ్‌లో హోమ్ రన్ విలువ సింగిల్‌కు నాలుగింతలు. నిజంగా జట్టుకు ఒనగూడే పరుగులను బట్టి చూస్తే అంత ఉండదు. వోబా అనే కొలతలో వాక్‌కు సుమారు 0.7, సింగిల్‌కు 0.9, డబుల్‌కు 1.25, ట్రిపుల్‌కు 1.6, హోమ్ రన్‌కు 2 చొప్పున విలువ కడతారు. ఏటా కాస్త మారుతుంటాయి. నాకు ఒకే అంకె చాలంటే అదే చూస్తాను.

ఇదంతా తెలిసి కూడా నేను పప్పులో కాలేశాను. మా అమ్మాయికి పన్నెండేళ్లప్పుడు వాళ్ల సాఫ్ట్‌బాల్ జట్టుకు స్కోరు రాసే పని నాకు అప్పగించారు. సీజన్ సగంలో ఉత్సాహం కొద్దీ యావరేజ్‌ల పట్టిక తయారుచేసి, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా పేర్చి తల్లిదండ్రులందరికీ పంపాను. 22 ఎట్‌బ్యాట్‌లలో 4 హిట్లు, 0.182తో ఒక చిన్నపాప అట్టడుగున ఉంది. మా అమ్మాయి 32లో 10, అంటే 0.313తో పైవరుసలో ఉంది. నాకు కాస్త గర్వంగా ఉన్న మాట కూడా దాచను. అయినా కోచ్ ప్రతి మ్యాచ్‌లో ఆ పాపనే మొదటి బ్యాటర్‌గా పంపుతుంటే ఆవిడకు లెక్కలు రావేమో అనుకున్నాను. తర్వాతి శనివారం ఆ పాప తల్లి నా దగ్గరికొచ్చి, మా పిల్ల ఎప్పుడు చూసినా బేస్ మీదే కనిపిస్తుందే, మీ పట్టికలో అందరికన్నా కింద ఎందుకుందండీ అని మెల్లగా అడిగింది. ఇంటికెళ్లి పుస్తకం తిరగేస్తే ఆ పాప పేరుకెదురుగా 14 వాక్‌లున్నాయి. 36సార్లలో 18సార్లు బేస్ చేరింది, సరిగ్గా సగం. మా అమ్మాయికి ఒకే ఒక్క వాక్. 33లో 11, మూడోవంతు. ఆ వయసు పిచ్చర్లకు గురి తక్కువ కనుక వాక్‌లు తేలిగ్గా వస్తాయనవచ్చు, కానీ ఆ పిచ్చర్లనే మా అమ్మాయీ ఎదుర్కొంది. ఆ రాత్రే క్షమాపణతో కొత్త పట్టిక పంపాను.

అంకెను అది పుట్టిన కాలంలో, మైదానంలో పెట్టి చూడడం కూడా అవసరమే. 1930లో నేషనల్ లీగ్ మొత్తం కలిపి యావరేజ్ 0.303, అంటే సగటు ఆటగాడే ‘గొప్ప’ గీత మీద ఉన్నాడు. 1968లో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచిన కార్ల్ యస్ట్రెంస్కీది 0.301, ఆ లీగ్‌లో 0.300 దాటినవాడు అతనొక్కడే. పిచ్చర్ల ఆధిపత్యం అంతలా ఉండబట్టే మరుసటి ఏడాది పిచ్చింగ్ మౌండ్‌ను, అంటే పిచ్చర్ నిలబడి విసిరే దిబ్బను, 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉంది. పలచని గాలిలో బంతి ఎక్కువ దూరం పోతుంది, దానికోసం మైదానాన్ని పెద్దదిగా కట్టినందువల్ల ఖాళీ జాగాలో పడే హిట్లూ పెరుగుతాయి. ఓపీఎస్ ప్లస్ వంటి కొలతల్లో కాలాన్నీ మైదానాన్నీ సర్ది, లీగ్ సగటును 100 చేస్తారు. 130 కనిపిస్తే సగటు కన్నా బాగా పైన ఉన్నాడని వెంటనే తెలిసిపోతుంది.

స్కోరుబోర్డు మీద గీతలతో విడదీసి మూడు అంకెలు వేస్తారు: యావరేజ్, ఓబీపీ, స్లగ్గింగ్. నేను చేసేది రెండు తీసివేతలు. రెండోదానిలోంచి మొదటిది తీసేస్తే ఓపిక తెలుస్తుంది, మూడోదానిలోంచి మొదటిది తీసేస్తే బలం తెలుస్తుంది. 2004 ఇచిరోకు 0.042, 0.083, బాండ్స్‌కు 0.247, 0.450.

ఇక మీ ఆఫీసాయన తిడుతున్న ఏప్రిల్ 0.190 సంగతి. నెలలో 84 ఎట్‌బ్యాట్‌లకు 16 హిట్లనుకుందాం. మరో ఆరు బంతులు ఫీల్డర్‌కు రెండడుగుల అవతల పడి ఉంటే అదే మనిషి యావరేజ్ 0.262 అయ్యేది. స్ట్రైకౌట్లు, హోమ్ రన్లు పోగా మైదానంలో పడ్డ బంతులలో హిట్లయ్యేవి లీగ్ మొత్తం మీద సుమారు 30 శాతం ఉంటాయి. ఒక నెలలో ఒకరికి అది 20 శాతానికి పడిపోతే చాలావరకు దురదృష్టమే. (2004లో ఇచిరోకు దాదాపు 40 శాతం వచ్చింది, అయితే ఆ షార్ట్‌స్టాప్ మీది పరుగు కళ్లారా చూసినవాణ్ణి కనుక దాన్ని అదృష్టమనలేను.) స్ట్రైకౌట్ల రేటు, వాక్‌ల రేటు త్వరగా కుదురుకుంటాయి, యావరేజ్ అన్నిటికన్నా ఆలస్యంగా కుదురుకుంటుంది. అందుచేత ఆ ఆటగాడి పేజీ తెరిచి ఆ రెండు రేట్లనూ కిందటేడాదితో పోల్చి చూడండి. 2015 నుంచి ప్రతి మైదానంలోనూ బంతి బ్యాట్‌ను వదిలిన వేగం కొలుస్తున్నారు కనుక, గంటకు 95 మైళ్లకు మించి కొట్టిన బంతుల శాతం కూడా అక్కడే దొరుకుతుంది. ఆ మూడూ మారకపోతే పక్కాయన మాటే సరైనది. స్ట్రైకౌట్లు పెరిగి, వేగం తగ్గి ఉంటే తిడుతున్నాయన వైపే నేనూ ఉంటాను.