నీళ్లలో ఆగిన కారుకి మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు

ఒరే చిన్నా,

జ్ఞానాపురం బ్రిడ్జి కింద నీళ్లలో కారు ఆగిపోయిందని ఇప్పుడే మీ అమ్మ ఫోన్ చేసింది. న్యూట్రల్‌లో పెట్టి బయటికి తోయించావట, మంచి పని చేశావు. టెన్షన్ పడకు, కానీ మళ్లీ స్టార్ట్ మాత్రం చెయ్యకు. "ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడు బాబూ" అని చుట్టూ చేరినవాళ్లు అంటారు, మంచికే అంటారు, అయినా వద్దని గట్టిగా చెప్పెయ్. ఎయిర్ ఫిల్టర్ దారిన సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే, గాలి అణిగినట్టు అవి అణగవు. పైకొచ్చే పిస్టన్‌కి దారి ఉండదు, పిస్టన్‌ని పైకి తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి విరిగి ఇంజిన్ బ్లాకునే చీల్చుకుని బయటికొస్తుంది. అంతవరకూ పాడవని ఇంజిన్ ఆ ఒక్క సెల్ఫ్‌తో పోతుంది.

గాజువాక గ్యారేజీ దాకా తాడు కట్టి లాక్కెళ్తామంటే ఒప్పుకోకు. నీది ఆటోమేటిక్ కదా, ఇంజిన్ ఆగితే గేర్‌బాక్స్‌లో ఆయిల్ పంపు తిరగదు, ముందు చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, ఆయిల్ అందక లోపల సామానంతా కాలిపోతుంది. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ బండినే పిలు, కాస్త ఎక్కువ అడిగినా ఇవ్వు. కొక్కెం టోయింగ్ హుక్‌కే తగిలించాలి, ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపు దగ్గరికి గొలుసు రానివ్వకు. బండి ఎక్కాక బ్యాటరీ నెగటివ్ వైరు విప్పించు.

ఇంతలో ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చెయ్యి, ఫోటోలు తీసి ఉంచు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ తీసుకున్నావో లేదో పాలసీలో చూడు, అది లేకపోతే నీళ్లవల్ల పోయిన ఇంజిన్‌కి సాధారణంగా డబ్బు రాదు. ఇన్సూరెన్స్ వాళ్లు పంపే సర్వేయర్ చూడకుండా ఇంజిన్ విప్పనివ్వకు, అలాగని వారాల తరబడి ఆగినా సిలిండర్ గోడలు తుప్పు పడతాయి కాబట్టి రోజూ ఫోన్ చేసి తొందరపెట్టు.

విప్పే రోజు నువ్వు దగ్గరుండు. ముందు ఇంజిన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూడు, ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయి. తర్వాత స్పార్క్ ప్లగ్గులన్నీ తీయించి, సెల్ఫ్‌తో కాకుండా స్పానర్ పెట్టి క్రాంక్‌ని, అంటే పిస్టన్లని ఆడించే ఇరుసుని, చేత్తో మెల్లగా తిప్పమను. ప్లగ్గుల కన్నాల్లోంచి నీళ్లు బయటికొస్తాయి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతంగా తిప్పనివ్వకు, ఇంజిన్ పైన మూతలా ఉండే హెడ్ విప్పి చూడాల్సిందే. ఫ్రీగా తిరిగితే ఆయిలూ ఫిల్టరూ మార్చి, కాసేపు నడిపి, ఆ ఆయిల్ కూడా తీసేసి మళ్లీ కొత్తది పోయించు. పాత ఆయిలే చాలని మెకానిక్ అంటే నాకు ఫోన్ కలుపు, నేను మాట్లాడతాను.

మీ మావయ్య