నలభై కాదమ్మా, ముప్పై రెండు

అమ్మాయీ, ఆశీస్సులు.

వచ్చే వారం ఏడో తరగతికి సమాంతర చతుర్భుజ వైశాల్యం చెప్పాలని, ఎలా మొదలుపెట్టాలని అడిగావు. "సూత్రం ఒక్క ముక్కేగా మామయ్యా, భూమిని, అంటే అడుగు భుజాన్ని, ఎత్తుతో గుణించడమే" అని కూడా రాశావు. ఆ ఒక్క ముక్క దగ్గరే ముప్పై ఏళ్లపాటు పిల్లలు బోర్లా పడటం చూశాను నేను.

బోర్డు మీద బొమ్మ గీసి భుజాలు 8, 5, ఎత్తు 4 సెంటీమీటర్లు అని మూడు అంకెలూ వేసి అడుగు. సగం తరగతి నలభై అంటుంది. దీర్ఘచతురస్రంలో పక్కపక్క భుజాలు గుణించిన చేయి ఊరుకోదు. వెంటనే దిద్దకు. దిద్దితే బుద్ధిగా రాసుకుంటారు, పరీక్షలో మళ్లీ నలభైయే వేస్తారు.

ఖాళీ అగ్గిపెట్టె ఒకటి తీసుకువెళ్లు. లోపలి డబ్బా తీసేసి తొడుగు నోరు పిల్లల వైపు తిప్పి పట్టుకో. అది దీర్ఘచతురస్రం. ఇప్పుడు పక్కకు మెల్లగా నొక్కు. నాలుగు అంచులూ అవే, పొడవులో వెంట్రుకంత తేడా లేదు. నోరు మాత్రం సన్నబడుతూ పోయి చివరికి పై అట్ట, కింది అట్ట అతుక్కుపోతాయి. భుజాలు గుణిస్తే వైశాల్యం వచ్చేటట్టయితే ఇందాకటి చోటంతా ఎక్కడికి పోయిందని అడిగి, చేతులు కట్టుకుని నిలబడు. ఎవరో ఒకరు "ఎత్తు తగ్గింది టీచర్" అంటారు. ఆ మాట నీ నోట ముందుగా రాకూడదు సుమా.

తర్వాత ఒకే రకం నోటు పుస్తకాల దొంతర. నిటారుగా పేర్చి, ఒక్కొక్కటీ కాస్త కాస్త జరిపి పక్కకు వాల్చు. ఈసారి పక్క అంచు పొడవు పెరిగింది. పుస్తకాలు అన్నే, ఎత్తూ అంతే, ఎదురుగా కనిపించే చోటూ అంతే. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో 35వ ప్రతిపాదన ఇదే: ఒకే భూమి మీద, ఒకే జత సమాంతర రేఖల మధ్య ఉన్న సమాంతర చతుర్భుజాల వైశాల్యాలు సమానం.

కత్తిరించి అతికించడం నీకు తెలిసిందే. గళ్ల కాగితం మీద 8 గళ్ల భూమి, 4 గళ్ల ఎత్తు తీసుకుని పై గీతను 3 గళ్లు కుడికి జరిపితే వాలు భుజం సరిగ్గా 5 వస్తుంది. ఎడమ త్రిభుజం కోసి కుడివైపు చేర్చితే 8×4, మొత్తం 32 గళ్లు. అయితే ఒక చిక్కుంది. ఎవడో ఒక గడుగ్గాయి బొమ్మను బాగా వాల్చి గీస్తాడు, లంబం భూమి దాటి బయట పడుతుంది. కత్తెర పనిచేయదు. కంగారు పడకు, కాగితం తిప్పి పొడవైన భుజాన్ని భూమి చేయమను. అప్పుడు లంబం బయటికి పోదు. భూమి మారితే ఎత్తూ మారుతుందని కూడా అక్కడే పట్టించు: మన బొమ్మలో 5ను భూమి అనుకుంటే ఎత్తు 6.4, గుణిస్తే మళ్లీ 32. ఎత్తు గీసేది మూలమట్టంతోనే, కంటి అంచనా వద్దు.

మా ఇంటి స్థలం సంగతి కూడా చెప్పు, నా పేరు మాత్రం ఎత్తకు. 60 అడుగుల భుజాలు రెండు, 30 అడుగులవి రెండు. అమ్మినాయన టేపు పట్టి 1800 చదరపు అడుగులు, 200 గజాలు అన్నాడు. లెక్కల మాస్టారినై ఉండి తలూపాను. పక్క రోడ్డు ఏటవాలుగా పోతుందని, దాంతోపాటు స్థలమూ వాలిందని నాకు తట్టలేదు. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ మూలమట్టం పెట్టి తాడు లాగితే పొడవు హద్దుల మధ్య దూరం 27 అడుగులే తేలింది. 1620 చదరపు అడుగులు, అంటే 180 గజాలు. ఆ ఇరవై గజాల గురించి మీ అత్తయ్య ఇప్పటికీ నెలకోసారి అడుగుతుంది.

పాఠం అయ్యాక ఎంతమంది నలభై అన్నారో రాయి.

మీ మామయ్య