అప్పుకు పాతికేళ్ల గడువు, ఉద్యోగానికి ఒక్క రోజు హామీ లేదు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మూల వేతనం ఏడాదికి 1,65,000 డాలర్లు, కంపెనీ షేర్లు అదనం. హెచ్-1బీ వీసా మీద ఉన్నాం. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం అయింది, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాం. నా భార్య హెచ్-4 ఈఏడీ (పని అనుమతి) మీద పార్ట్‌టైమ్ పని చేస్తోంది. మా ఇంటి మీద 3,00,000 డాలర్ల హీలాక్ (ఇంటిని తాకట్టు పెట్టి, కావలసినప్పుడు కావలసినంత తీసుకునే అప్పు) మంజూరైంది. అందులో 2,50,000 తీసి హైదరాబాద్ శివార్లలో ప్రీలాంచ్ విల్లా కొనాలనుకుంటున్నాను. వడ్డీ 8 శాతం. మొదటి పదేళ్లు వడ్డీ మాత్రమే కట్టాలి, తర్వాత 15 ఏళ్లలో అసలుతో సహా తీర్చాలి. మా నెల ఖర్చు 8,500 డాలర్లు. పొదుపు ఖాతాలో 18,000 ఉన్నాయి, అత్యవసరమైతే హీలాక్‌లో మిగిలిన 50,000 ఉంటాయి. మేం ఏంజెల్స్ బేస్‌బాల్ జట్టు అభిమానులం. వయసు పైబడుతున్న ఆటగాళ్లతో పదేళ్ల ఒప్పందాలు దండగ అంటాడు నా బావమరిది. అంత లెక్క తెలిసిన జట్లే 31 ఏళ్ల ఆటగాడి మీద పదేళ్ల భరోసా పెట్టుకుంటే, నా వృత్తిలో 42 ఏళ్లకు పాతికేళ్ల అప్పు తీసుకోవడంలో తప్పేముంది అంటాను నేను. వచ్చే శుక్రవారం సంతకాలు. మీ అభిప్రాయం చెప్పండి.

జవాబు: ఆట విషయంలో మీ బావమరిది మాటే చాలావరకు నిజం. అయితే మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం ఆట కాదు. ఈ రోజు వస్తున్న జీతం రిటైరయ్యేదాకా ఇలాగే వస్తుందనుకుని అప్పు తీసుకోవడం నలభైల్లో ఉన్న ఉద్యోగుల్లో నేను తరచుగా చూసే పొరపాటు. ఆ పొరపాటుకు మీరు బేస్‌బాల్‌ను సాక్ష్యంగా తెచ్చారు. ఆ సాక్ష్యం మీకు వ్యతిరేకంగానే ఉంది.

మీ జట్టు సంగతే చూడండి. 2011 డిసెంబరులో ఏంజెల్స్ ఆల్బర్ట్ పుహోల్స్‌తో పదేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. మరుసటి నెలలో ఆయనకు 32 నిండాయి. అంతకుముందు కార్డినల్స్ జట్టు తరఫున 11 సీజన్లలో ఆయన బ్యాటింగ్ సగటు .328, హోమ్‌రన్లు 445, మూడుసార్లు ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు). ఏంజెల్స్‌కు వచ్చాక సగటు .256, హోమ్‌రన్లు 222. ఆ కాలమంతటిలో జట్టు ప్లేఆఫ్స్‌కు (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీలకు) వెళ్లింది 2014లో ఒక్కసారే. అక్కడ కాన్సాస్ సిటీ చేతిలో వరుసగా మూడు ఆటలూ ఓడి ఇంటికి వచ్చింది. 2021 మేలో, ఒప్పందం చివరి ఏడాది మధ్యలోనే, ఆయన్ను వదిలేసుకుంది. అయినా మిగిలిన జీతం కట్టక తప్పలేదు.

ఆ ఒప్పందంలో చెల్లింపుల వరుసను ఒకసారి గమనించండి. 2012లో 1.2 కోట్లు, 2013లో 1.6 కోట్లు, 2014లో 2.3 కోట్లు, అక్కడి నుంచి ఏడాదికి 10 లక్షల చొప్పున పెరుగుతూ 2021లో 3 కోట్ల డాలర్లు. ఆట తగ్గే వయసులో జీతం గరిష్ఠానికి చేరేలా రాసుకున్నారు. మొదటి ఏళ్లలో భారం తేలికగా కనిపిస్తుంది, అసలు బరువంతా చివరికి నెట్టేస్తారు.

మీ హీలాక్ అచ్చం ఇలాగే ఉంది. 2,50,000 మీద 8 శాతం అంటే మొదటి పదేళ్లు నెలకు సుమారు 1,667 డాలర్లు. మీకు 52 ఏళ్లు వచ్చేసరికి, అంతవరకు 2,00,000 డాలర్లు వడ్డీగా కట్టి కూడా, అసలు ఒక్క డాలర్ తగ్గి ఉండదు. అప్పటి నుంచి నెల కిస్తీ 2,389 అవుతుంది. అది 67 ఏళ్లదాకా సాగుతుంది. వడ్డీ రేటు మారకపోతేనే ఈ లెక్క. హీలాక్ వడ్డీ సాధారణంగా మారుతూ ఉంటుంది, మీ పత్రాల్లో ఏముందో చూసుకోండి.

మరి జట్లు ఎందుకు ఇలా చేస్తాయి? లెక్క రాక కాదు. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయితే గానీ ఆటగాడు ఫ్రీ ఏజెంట్ (నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకోగలవాడు) కాలేడు. అప్పటికి చాలామందికి ముప్ఫై దగ్గరపడుతుంది, బ్యాటర్లు బాగా ఆడే ఇరవైల చివరి ఏళ్లు అయిపోవస్తుంటాయి. అంటే మార్కెట్‌లోకి వచ్చేదే ఆట దిగడం మొదలయ్యే వేళకు. పైగా లగ్జరీ ట్యాక్స్ (జీతాల మొత్తం పరిమితి దాటిన జట్టు కట్టే పన్ను) లెక్కలో మొత్తాన్ని ఏళ్ల సంఖ్యతో భాగించిన సగటునే చూస్తారు కాబట్టి, ఏళ్లు పెంచితే ఏటా పడే భారం తగ్గినట్టు కనిపిస్తుంది. పదో ఏట ఆటగాడు మెరుస్తాడన్న నమ్మకంతో ఎవరూ పదేళ్లు ఇవ్వరు. మొదటి నాలుగైదేళ్ల ఆట కోసం, టికెట్ల కోసం, టీవీ హక్కుల కోసం ఇచ్చి, చివరి ఏళ్ల నష్టాన్ని తెలిసే భరిస్తారు. ఆ భరించే స్తోమత యజమానికి ఉంది.

గిట్టుబాటైన ఒప్పందాలూ ఉన్నాయి. మ్యాక్స్ షెర్జర్‌కు 30 ఏళ్ల వయసులో నేషనల్స్ జట్టు ఏడేళ్లకు 21 కోట్లు ఇచ్చింది. ఆయన ఆ జట్టుకు రెండు సై యంగ్ అవార్డులు (ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చేవి) గెలిచాడు, 2019లో జట్టు వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచింది. ఫ్రెడ్డీ ఫ్రీమన్‌తో 32 ఏళ్ల వయసులో డాడ్జర్స్ ఆరేళ్లకే ఒప్పందం చేసుకుంది, 2024 వరల్డ్ సిరీస్ ఎంవీపీ ఆయనే. ముప్ఫై దాటిన ఆటగాడు దండగ కాదు, గడువు సాగదీయడమే దండగ అని నా అభిప్రాయం.

ఇక మీ పోలికలో అసలు తప్పు ఇది. మిమ్మల్ని మీరు పుహోల్స్ అనుకుంటున్నారు. ఆయన చేతిలో హామీ ఒప్పందం ఉంది: ఆడినా, ఆడకపోయినా, బయటికి పంపినా డబ్బు వస్తుంది. మీ ఉద్యోగానికి అలాంటి హామీ ఒక్క రోజుకు కూడా లేదు. కాలిఫోర్నియాలో కంపెనీ ఏ రోజైనా మిమ్మల్ని తీసేయవచ్చు. మీ కథలో హామీ ఉన్నది బ్యాంకుకు. మీరు ఏంజెల్స్ స్థానంలో ఉన్నారు, అదీ ఏంజెల్స్ ఖజానా లేకుండా.

జట్లు తమను తాము ఎలా కాపాడుకుంటాయో చూడండి, మీరు నేర్చుకోవలసింది అక్కడే ఉంది. ప్రిన్స్ ఫీల్డర్‌కు 2012లో డెట్రాయిట్ తొమ్మిదేళ్లకు 21.4 కోట్ల ఒప్పందం ఇచ్చింది, తర్వాత ఆయన టెక్సస్ రేంజర్స్‌కు మారాడు. మెడ శస్త్రచికిత్సల వల్ల 2016లో, 32 ఏళ్లకే ఆట ఆగిపోయింది. అప్పటికి ఏడాదికి 2.4 కోట్లు చొప్పున ఇంకా బాకీ ఉంది. అందులో డెట్రాయిట్ 60 లక్షలు, బీమా కంపెనీ 90 లక్షలు భరించాయి. రేంజర్స్‌కు మిగిలిన భారం 90 లక్షలే. ఇప్పుడు స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ను చూడండి. 2019 వరల్డ్ సిరీస్ ఎంవీపీ అయిన కొన్ని వారాలకే నేషనల్స్ ఏడేళ్లకు 24.5 కోట్లు ఇచ్చింది. ఆ తర్వాత ఆయన ఆడింది మొత్తం ఎనిమిది ఆటలు. ఆ ఒప్పందానికి బీమా లేదు.

మీ ఇంట్లో ప్రధానంగా సంపాదించే చేయి ఒక్కటే. మీ భార్య పని అనుమతి కూడా మీ హెచ్-1బీ మీదే ఆధారపడి ఉంది. ఆ చేతికి బీమా ఏది? ఉత్తరం మొత్తంలో ఆ మాటే లేదు. కంపెనీ ఇచ్చే దీర్ఘకాలిక డిజెబిలిటీ బీమా (జబ్బు, గాయం వల్ల పని చేయలేకపోతే జీతంలో కొంత ఇచ్చేది) ఉంది కదా అంటారేమో. సాధారణంగా అది మూల వేతనంలో 60 శాతం ఇస్తుంది, షేర్లు లెక్కలోకి రావు. మీ లెక్కన నెలకు 8,250 డాలర్లు. ప్రీమియం కంపెనీయే కడుతుంటే దాని మీద పన్ను కూడా పడుతుంది. మీ ఖర్చు 8,500, హీలాక్ వడ్డీ కలిపితే 10,167. మంచాన పడ్డ మొదటి నెలనుంచే లోటు. చాలా గ్రూపు పాలసీల్లో రెండేళ్ల తర్వాత 'మీ వృత్తి చేయలేకపోవడం' సరిపోదు, 'ఏ పనీ చేయలేకపోవడం' చూపించాలి. కాలిఫోర్నియా రాష్ట్ర పథకం ఇచ్చేది గరిష్ఠంగా 52 వారాలు. సొంతంగా మరో డిజెబిలిటీ పాలసీకి ఈ నెలలోనే దరఖాస్తు చేయండి. వీసా మీద ఉన్నవారికి అన్ని కంపెనీలూ ఇవ్వవు, ఇచ్చేవాటి కోసం ఇద్దరు ముగ్గురు ఏజెంట్లను అడగాలి. టర్మ్ బీమా కూడా ఉద్యోగంతో పోయేది కాకుండా సొంతంది ఉండాలి.

అత్యవసర నిధి సంగతి ఇంకా ఆందోళన కలిగిస్తోంది. 18,000 డాలర్లంటే మీకు రెండు నెలల ఖర్చు. ఉద్యోగం పోతే హెచ్-1బీ మీద మీకు ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ లోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా హోదా మార్చుకోవాలి, లేదా దేశం వదిలి వెళ్లాలి. డబ్బూ గడువూ ఒకేసారి అయిపోతాయి. పిల్లల బడి, ఇంటి అమ్మకం, విమానం టికెట్లు అన్నీ ఆ రోజుల్లోనే మీద పడతాయి.

హీలాక్‌లో మిగిలిన 50,000 అత్యవసర నిధి కానే కాదు. అది బ్యాంకు డబ్బు. 2008లో ఇళ్ల ధరలు పడినప్పుడు అమెరికా బ్యాంకులు ఎన్నో ఇళ్ల మీద ఇలాంటి లైన్లను స్తంభింపజేశాయి. ఉద్యోగాలు పోతున్న సమయమూ అదే. కష్టం వచ్చిన రోజునే మూతపడే ఖాతాను నమ్ముకుని పిల్లాపాపలున్న ఇంటిని తాకట్టు పెట్టడం నాకు మింగుడుపడని విషయం. మీకు ఏడాది ఖర్చు, అంటే 1,02,000 డాలర్లు విడిగా ఉండాలి. షేర్లు చేతికి వచ్చిన వెంటనే అమ్మి దాన్ని నింపండి. జీతమూ పొదుపూ ఒకే కంపెనీ మీద ఆధారపడకూడదు.

విల్లా గురించి క్లుప్తంగా చెబుతాను. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు లేకుండా ప్రీలాంచ్ పేరిట డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. నమోదు సంఖ్య చూపించలేని బిల్డర్‌కు బయానా కూడా ఇవ్వకండి. డాలర్లలో 8 శాతం అప్పు చేసి రూపాయల ఆస్తి కొంటే, రూపాయి బలహీనపడిన ప్రతిసారీ మీ నష్టం పెరుగుతుంది. విల్లా కావాలంటే నిధి నిండాక, మిగులు డబ్బుతో కొనండి. 401(కె) (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) మీద అప్పు తీసుకుందామనే ఆలోచన ఉంటే అదీ వద్దు.

శుక్రవారం సంతకం చేయకండి. ఈ జవాబు చేరేలోపే చేసి ఉంటే ఒక దారి ఉంది. నివసిస్తున్న ఇంటి మీద హీలాక్ తీసుకున్నవారికి అమెరికా చట్టం మూడు పనిదినాల రద్దు గడువు ఇస్తుంది, ఇందులో శనివారం కూడా పనిదినమే. శుక్రవారం సంతకం చేస్తే, మధ్యలో ప్రభుత్వ సెలవు లేకపోతే, మంగళవారం అర్ధరాత్రి వరకు సమయం ఉంటుంది. బ్యాంకు ఇచ్చిన రద్దు పత్రం మీద సంతకం చేసి ఆ లోపు పంపండి. ఫోనులో చెబితే చెల్లదు. పంపినట్టు రసీదు దాచుకోండి.