భార్యాభర్తల గొడవలకు థెరపిస్ట్‌ని ఎలా వెతుక్కోవాలి?

"మీకు తెలుగు థెరపిస్ట్ ఎవరైనా తెలుసా అండీ?" అమెరికాకు కొత్తగా వచ్చిన జంటల్లో ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. చాలాసార్లు భర్త హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద, భార్య దానికి అనుబంధంగా వచ్చే హెచ్‌-4 వీసా మీద ఉంటారు. ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి ఇక్కడికొచ్చి ఇంట్లో కూర్చుంది. అబ్బాయికి ఆఫీసు టెన్షన్, లేఆఫ్ భయం. ఇంటికి ఫోన్ చేస్తే రెండు వైపుల పెద్దలూ "సర్దుకుపోండి" అంటారు. లాయర్ దాకా పోకముందే థెరపిస్ట్ గురించి అడుగుతున్నారంటే నాకు నిజంగా సంతోషం.

నేను చెప్పేది ఒకటే. తెలుగు వచ్చినవాళ్లు దొరికేదాకా ఆగకండి. జంటలతో పనిచేయడంలో శిక్షణ ఉన్నవాళ్లను వెతకండి, వాళ్లలో తెలుగువాళ్లు ఉంటే మరీ మంచిది. చాలామంది థెరపిస్టులు ఒక్కొక్కరితో విడిగా బాగా పనిచేస్తారు గానీ, ఎదురెదురుగా కూర్చుని అరుచుకునే ఇద్దరిని నడిపించడం వేరే పని. ఎల్‌ఎంఎఫ్‌టీ (మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్ట్) లైసెన్సు ఉన్నవాళ్ల చదువే పెళ్లి, కుటుంబం మీద. సైకాలజిస్టులు, ఎల్‌సీఎస్‌డబ్ల్యూ (క్లినికల్ సోషల్ వర్కర్), ఎల్‌పీసీ (ప్రొఫెషనల్ కౌన్సెలర్) లైసెన్సుల వాళ్లూ జంటలను చూస్తారు. వాళ్లయితే జంటల కోసమే ఉన్న గాట్‌మన్ పద్ధతిలోనో, ఈఎఫ్‌టీలోనో (ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ) శిక్షణ తీసుకున్నారా అని అడగండి. లైఫ్ కోచ్ అని పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, అక్కడ జాగ్రత్త. లైసెన్సు నిజమో కాదో ఆ రాష్ట్రం బోర్డు వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు.

వెతకడానికి సైకాలజీ టుడే డైరెక్టరీ సులువు. రాష్ట్రం, ఇన్సూరెన్స్, భాష అన్నీ అందులో ఎంచుకోవచ్చు. సౌత్ ఏషియన్ థెరపిస్ట్స్ డైరెక్టరీలో మన ప్రాంతం మూలాలున్నవాళ్లు ఉంటారు. ఊరు చూసి కాదు, రాష్ట్రం చూసి వెతకండి. మామూలుగా మీరు కూర్చున్న రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవాళ్లే మిమ్మల్ని చూడగలరు. డాలస్‌లో మొదలుపెట్టి న్యూజెర్సీకి మారితే అదే థెరపిస్ట్ కొనసాగడం కుదరకపోవచ్చు. సైప్యాక్ట్ అనే రాష్ట్రాల మధ్య ఒప్పందం కింద అనుమతి తీసుకున్న సైకాలజిస్టులకు మాత్రం అందులో ఉన్న రాష్ట్రాల మధ్య వీలుంటుంది.

చాలామంది మొదట పావుగంట ఫోన్‌లో ఉచితంగా మాట్లాడతారు. ఆ పావుగంటను వదులుకోవద్దు. కనీసం ముగ్గురితో మాట్లాడండి. మీ గొడవ మొత్తం చెప్పక్కర్లేదు, రెండు ముక్కలు చెప్పి ఎలా స్పందిస్తారో చూడండి. "ప్రతి నెలా ఊరికి డబ్బు పంపిస్తాం, దాని మీదే గొడవ." "అత్తమామలు ఆరు నెలలకు వస్తున్నారు, ఉన్నది రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్." ఇవి వినగానే "మీ తల్లిదండ్రులకు అంత చోటు ఎందుకిచ్చారు?" అనేవాళ్లతో మీరు ప్రతి వారం మన కుటుంబాల గురించి పాఠం చెప్పుకుంటూ కూర్చోవాలి. "ఆ డబ్బు మీ ఇద్దరికీ ఎందుకంత ముఖ్యం?" అని అడిగేవాళ్లకు తెలుగు రాకపోయినా పర్వాలేదు. ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: నేను ఒక్కడినే ఫోన్ చేసి ఏదైనా చెబితే అది నా భార్యకు చెబుతారా? జంటలను చూసేవాళ్లలో చాలామంది ఒకరి రహస్యాన్ని ఇంకొకరి దగ్గర దాచిపెట్టబోమని ముందే చెప్పేస్తారు. ఇది మొదటిరోజే తెలియాలి.

డబ్బు విషయానికొస్తే, ముందు మీ కంపెనీ ఈఏపీ (ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే కౌన్సెలింగ్ సాయం) చూడండి. కొన్ని సెషన్లు ఉచితంగా ఇస్తారు, జీవిత భాగస్వామికి కూడా వర్తించడం మామూలే. మీరు అక్కడ ఏం మాట్లాడారో మేనేజర్‌కు చెప్పరు. తర్వాత ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేసి, 90847 అనే కోడ్‌కు (జంట, కుటుంబ థెరపీకి బిల్లులో వేసే నంబరు) డబ్బు ఇస్తారా అని అడగండి. చాలా ప్లాన్లు ఇద్దరిలో ఒకరికి ఏదో ఒక డయాగ్నసిస్ ఉంటేనే ఇస్తాయి, ఉత్త దాంపత్య సమస్యకు ఇవ్వవు. సొంతంగా కట్టుకుంటే ఎంతవుతుందో ముందుగా రాతపూర్వకంగా అంచనా అడిగే హక్కు 2022 నుంచి మీకుంది. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించేవాళ్లూ, యూనివర్సిటీ శిక్షణ క్లినిక్‌లూ ఉంటాయి.

తెలుగు థెరపిస్ట్ దొరికినా, బతుకమ్మకో ఉగాదికో అదే హాల్లో ఎదురుపడతారేమోనని కొందరికి భయం. విషయం బయటపెట్టకూడదన్న చట్టం వాళ్లకూ వర్తిస్తుంది. అయినా మనసొప్పకపోతే అదే రాష్ట్రంలో వేరే ఊరివాళ్లతో వీడియోలో మాట్లాడండి. ప్రాణాపాయం, పిల్లల మీద హింస లాంటివి చెబితే మాత్రం థెరపిస్ట్ మౌనంగా ఉండకపోవచ్చు. పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానం వస్తే అధికారులకు తెలియజేయాలని చట్టమే చెబుతుంది. కౌన్సెలింగ్‌కు వెళ్లినంత మాత్రాన వీసాకు గానీ, గ్రీన్ కార్డుకు గానీ అడ్డు రాదు.

ఇంట్లో కొట్టడం, పాస్‌పోర్టు దాచేయడం, "నీ వీసా క్యాన్సిల్ చేయిస్తా" అని బెదిరించడం ఉంటే ఇదంతా పక్కన పెట్టండి. ఇద్దరూ కలిసి థెరపీకి వెళ్లకండి. అక్కడ నిజం చెప్పినందుకు ఇంటికొచ్చాక దెబ్బలు తినాల్సి రావచ్చు. అమ్మా, గృహహింస బాధితుల జాతీయ హెల్ప్‌లైన్ 1-800-799-7233 కు ఏ వేళనైనా ఫోన్ చెయ్యి, భాష కోసం దుబాసీని ఇస్తారు. ప్రమాదం కళ్లముందుంటే 911. న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష, బే ఏరియాలో మైత్రి మన ప్రాంతపు ఆడవాళ్లతో ఏళ్ల తరబడి పనిచేస్తున్న సంస్థలు. హింసకు గురైన హెచ్‌-4 భార్య విడిగా వర్క్ పర్మిట్‌కు అప్లై చేసుకునే దారి కూడా ఉంది, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. మీరు భర్త ఇన్సూరెన్స్ మీద థెరపీకి వెళితే ఆ వివరాల కాగితం సాధారణంగా ఆయన పేరు మీదే వస్తుంది. వేరే అడ్రస్‌కు పంపమని ఇన్సూరెన్స్ వాళ్లను ముందే కోరవచ్చు.

హింస లేకపోయినా, "నాకేం పిచ్చి పట్టిందా?" అని రెండోవారు రానంటే బలవంతం చేయకండి. మీరొక్కరే మొదలుపెట్టండి. కొన్ని వారాల తర్వాత "ఒక్కసారి వచ్చి నీ వైపు మాట చెప్పు" అని అడిగితే, తప్పు మోపడానికి పిలవడం లేదని అర్థమై వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే మీ ఒక్కరినే చూస్తున్న థెరపిస్ట్ తర్వాత జంటను చూడటానికి ఒప్పుకోకపోవచ్చు, ఇంకొకరి పేరు చెబుతారు. ఆ పేరు తీసుకుని మళ్లీ పావుగంట మాట్లాడండి.